మూడు మచ్చల బుష్

పల్నాడు జిల్లా ఏర్పడిన ఏడాది ఆగస్టులో నన్ను మాచర్ల వైపు, కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఎత్తిపోతల పథకానికి మెకానికల్ డీఈగా వేశారు. డీఈ అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు. నా కింద ఇద్దరు ఏఈలు, అంటే అసిస్టెంట్ ఇంజినీర్లు, ఆరుగురు పంపు ఆపరేటర్లు. నా పైన ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు ఈఈ గారు, ఆయన పైన సూపరింటెండింగ్ ఇంజినీరు ఎస్‌ఈ గారు. పథకం పేరు రాయను. అక్కడివాళ్ళు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. పైగా నేను చెప్పబోయే తప్పులో పెద్ద వాటా నాదే.

రిటైర్మెంటుకు అప్పటికి రెండేళ్ళు మిగిలాయి. ఈ వయసులో ఆ మూలకెందుకు, ఎవరిచేతైనా ఒక మాట చెప్పించుకుని గుంటూరులోనే ఉండిపోరాదా అని తోటివాళ్ళు సలహా ఇచ్చారు. చెప్పించుకోవడం నాకు చేతకాదు. చేతనైనా ఆ పని చేసేదాన్ని కాదు. మాచర్లలో అద్దెకు ఒక వాటా తీసుకుని, రోజూ జీపులో పంపుహౌస్‌కు వెళ్ళివచ్చేదాన్ని.

మా పంపులు నిలువు పంపులు. మోటారు పైన ఉంటుంది, నీళ్ళు తోడే భాగం కింద నదిలో ఉంటుంది, రెంటినీ కలుపుతూ పొడవాటి షాఫ్ట్ ఉంటుంది. ఆ షాఫ్ట్ ఊగకుండా అక్కడక్కడా బుష్‌లు పట్టుకుని ఉంటాయి. బుష్ అంటే జానెడు పొడవున్న, గన్‌మెటల్ అనే ఒక రకం కంచు గొట్టం ముక్క, అంతే. షాఫ్ట్‌కూ దానికీ మధ్య మిల్లీమీటరులో ఐదో వంతు సందు ఉండాలి. ఆ సందులో నిలిచే నీళ్ళే దానికి నూనె. కింది బుష్‌లు ఎలాగూ నీళ్ళలో మునిగి ఉంటాయి. అన్నిటికంటే పైన ఉన్న బుష్‌కు మాత్రం, పంపు తిప్పేముందు ఐదు నిమిషాలపాటు ఒక వాల్వు తిప్పి నీళ్ళు వదలాలి. దాన్ని ప్రీ-లూబ్ అంటారు. వదలకపోతే బుష్ పొడిగా తిరిగి మాడిపోతుంది.

సెప్టెంబరులో రెండో నంబరు పంపుకు పైబుష్ అరిగింది. స్పేర్లతో కలిపి మూడు బుష్‌లు చేయించి పంపమని సప్లయరుకు చెప్పాం. అవి వచ్చాక నేనే స్వయంగా పరీక్షించాను. సాధారణంగా ఆ పని ఏఈ చేస్తాడు, డీఈ సంతకం పెడతాడు. చూడకుండా సంతకం పెట్టడం నాకు మొదట్నుంచీ గిట్టదు. ఇన్‌సైడ్ మైక్రోమీటరు తీసుకున్నాను. అది రెండు చివరలూ ఎదురెదురు గోడలకు ఆనించి లోపలి వ్యాసం చదివే పరికరం. ఒక్కో బుష్‌లో పైన, మధ్యన, అడుగున, ఒక్కో లోతులో నాలుగు వైపులకు తిప్పి కొలిచాను. ఒక్కో బుష్‌కు పన్నెండు కొలతలు. పన్నెండూ ఒక్క గీత తేడా లేకుండా వచ్చాయి. ఇంత బాగా చేసినవాడెవడో అని మెచ్చుకున్నాను కూడా. ఇన్‌స్పెక్షన్ రిజిస్టరులో కొలతలు వేసి, అన్ని వైపులా సమానమని చేర్చి, కింద "పరీక్షించి అంగీకరించడమైనది" అని రాసి సంతకం చేశాను. షాఫ్ట్ చేతితోనే సాఫీగా దూరింది. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

అక్టోబరులో ఒక ఉదయం పంపు గడగడ వణికి, పైనుంచి పొగ వచ్చి ట్రిప్ అయింది. విప్పి చూస్తే బుష్ పాడైపోయింది. రెండో బుష్ వేశాం. పదకొండో రోజున అదీ అలాగే పోయింది. రెండుసార్లూ డ్యూటీలో ఉన్నది కోటయ్య అనే ఆపరేటరే. అందులో వింతేమీ లేదు. మాకు కరెంటు పొద్దున ఇచ్చేవాళ్ళు, పంపు స్టార్ట్ చేసే మొదటి షిఫ్టు అతనిది. కానీ ఆ సంగతి వినే ఓపిక ఎవరికీ లేదు. కాలువ కింద మిరప నాటి నెల దాటింది, వానలు మొహం చాటేశాయి, రైతులు పంపుహౌస్ గేటు ముందు బైఠాయించారు.

కోటయ్యది ఆ కాలువ చివరి ఊరే. నలభై దాటినవాడు, పన్నెండేళ్ళుగా ఆ పంపు దగ్గరే ఉన్నాడు. ఔట్‌సోర్సింగ్ మనిషి. అంటే అతన్ని తీసేయడానికి విచారణ అక్కర్లేదు, చార్జి మెమో అక్కర్లేదు, డీఈ రిపోర్టులో ఒక్క వాక్యం చాలు. గేటు దగ్గర వాళ్ళ ఊరివాళ్ళే అతన్ని పట్టుకుని, "మా ఊళ్ళో పుట్టి మా చేలే ఎండబెడతన్నావేందిరా? నిద్రపోయావా, తాగి పడిపోయావా?" అని నిలదీయడం నేను చూశాను.

లోపలికి పిలిచి అడిగాను. లాగ్ బుక్‌లో రెండు రోజులూ ప్రీ-లూబ్ ఐదు నిమిషాలు అని అతని రాత ఉంది. నిజంగా ఇచ్చావా, తర్వాత రాసుకున్నావా అని సూటిగానే అడిగాను. అతనికి కోపం వచ్చింది.

"ఏంది మేడమ్, నీళ్ళు ఇడవకుండా నేనెట్టా తిప్పుతా? నా ఎకరంన్నర మిరప కూడా ఆ కాలవ కిందే ఉంది. నా చేను నేనే ఎండగట్టుకుంటానా? మీరు కూడా అంతేనా?" అన్నాడు.

ఆ చివరి మాట నాకు గట్టిగానే తగిలింది. అప్పటిదాకా నేను కూడా అంతే. ఇన్ని కొలతలు తీసి ఒప్పుకున్న బుష్‌లో లోపం ఉండదు, కాబట్టి లోపం మనిషిలోనే ఉండాలి అని మనసులో తేల్చేసుకునే అతన్ని పిలిచాను.

మర్నాడు ఈఈ గారి ఆఫీసు నుంచి రిపోర్టు డ్రాఫ్టు వచ్చింది. నేను రాయవలసిన రిపోర్టును వాళ్ళే టైపు చేసి, నా సంతకానికి చోటు వదిలి పంపారు. "ప్రీ-లూబ్ నీరు వదలకుండా పంపును నడిపిన ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల బుష్‌లు కాలిపోయినందున, సదరు ఆపరేటర్‌ను విధుల నుంచి తొలగించవలసిందిగా సిఫారసు చేయడమైనది" అని అందులో ఉంది. సోమవారానికల్లా సంతకం చేసి పంపమని ఫోను కూడా వచ్చింది. నా రిపోర్టు ఇంకొకరు రాయడం నా సర్వీసులో అదే మొదటిసారి. ఆ కాగితం చూడగానే ఒళ్ళు మండింది. దాన్ని మడిచి డ్రాయరులో పడేసి, స్టోరులో ఉన్న పాడైన బుష్‌లు తెప్పించాను.

అంతకుముందు వాటిని పైపైన చూశానే గానీ పట్టి చూడలేదు. పొడిగా తిరిగిన బుష్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. చుట్టూ మాడి, గన్‌మెటల్ నల్లబడి, పూసినట్టు కరిగి ఉంటుంది. ఇవి అలా లేవు. లోపల మూడు చోట్ల, సమానమైన దూరాల్లో, పొడవునా మూడు మచ్చలు. అక్కడ మాత్రమే లోహం ఒరుసుకుని మాడింది. మచ్చల మధ్య లేత్ మీద కోసినప్పటి సన్నని గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. నీళ్ళు లేక మాడితే మచ్చలు మూడు చోట్ల గుంపుకట్టి ఎందుకు కూర్చుంటాయి? రెండో బుష్ తిప్పి చూశాను. అందులోనూ మూడే.

వాడని మూడో బుష్ తీసి మైక్రోమీటరుతో మళ్ళీ కొలిచాను. ఈసారి నాలుగు వైపులు కాదు, పన్నెండు వైపులు తిప్పాను. అన్ని వైపులా సమానమే. లోపల మూడు చోట్ల ఎత్తు ఉంటే తప్ప అలాంటి మచ్చలు రావు. ఎత్తు ఉంటే కొలతలో తెలియాలి. తెలియడం లేదు. ఆ పూట మైక్రోమీటరును నేలకేసి కొట్టాలన్నంత చిరాకు వచ్చింది.

సప్లయరుకు ఫోన్ చేసి ఇవి ఎవరిచేత చేయించావని అడిగాను. నసిగి నసిగి మాచర్లలోనే ఒక లేత్ షాపు పేరు చెప్పాడు. శనివారం పొద్దున్నే మూడు బుష్‌లూ సంచిలో వేసుకుని వెళ్ళాను. షాపు నాగుల్‌మీరా గారిది. అరవై దగ్గరపడ్డ మనిషి, నలభై ఏళ్ళుగా టర్నరు, అంటే లేత్ మీద పనిచేసేవాడు. నేను ఎవరో చెప్పి, తప్పు పట్టడానికి రాలేదు, వీటిని మిషన్‌కు ఎలా పట్టించారో చూపించండి చాలు అన్నాను. ఆయన బుష్ చేతిలోకి తీసుకుని లోపల చూడలేదు. ముందు బయటి గోడ చూశారు. అక్కడ మూడు చిన్న నొక్కులు ఉన్నాయి. నా కంటికి అవి ఎప్పుడూ ఆనలేదు.

"దవడలు బాగా కరిచినయ్యమ్మా" అన్నారు.

లేత్‌లో పనిముక్కను పట్టుకునే భాగాన్ని చక్ అంటారు. దానికి మూడు దవడలు ఉంటాయి. ఒక తాళంచెవి లాంటి చక్ కీ తిప్పి వాటిని బిగిస్తారు. కీ చేతితో తిప్పేందుకే ఉంది. ఆ వీధిలో మాత్రం కీ పిడికి మూరెడు ఇనప పైపు తొడిగి, ఆ పైపు పట్టుకుని బరువంతా వేసి బిగిస్తారు. ఎందుకని అడిగితే నాగుల్‌మీరా గారు ఒక సంగతి చెప్పారు. చానా ఏళ్ళ కిందట వాళ్ళ తమ్ముడు సరిగా బిగించని ముక్క ఒకటి చక్ లోంచి ఎగిరివచ్చి అతని కన్ను పోయింది. అప్పట్నుంచీ ఆ వీధిలోని లేత్ షాపుల్లో పైపు వెయ్యకుండా మిషన్ ఆన్ చెయ్యరు. పనిలోకి కొత్తగా వచ్చినవాడికి మొదట నేర్పేది అదే. మందపాటి ఇనప ముక్కకు దానివల్ల నష్టం లేదు. పలచటి గన్‌మెటల్ గొట్టానికి అలా చేస్తే, దవడలు ఆనిన మూడు చోట్ల గోడ లోపలికి నొక్కుకుపోతుంది. అలా నొక్కి ఉండగానే లోపల గుండ్రంగా కోస్తారు. దవడలు వదలగానే నొక్కిన గోడ తన చోటికి తిరిగి వస్తుంది. గుండ్రం పోతుంది.

డయల్ గేజ్ ఉందా అన్నాను. ఉంది. ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో గాడి ఉన్న దిమ్మ మీద బుష్‌ను పడుకోబెట్టి, గేజ్ ముల్లును లోపలి గోడకు ఆనించి, చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పాం. సూది లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. ఒక్క చుట్టులో మూడుసార్లు లేచి మూడుసార్లు దిగింది. లేచిన ప్రతిచోటా, దానికి సరిగ్గా ఎదురుగా బయటి గోడ మీద దవడ నొక్కు ఉంది. పద్నాలుగు గీతల తేడా, ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. అంటే నేను లెక్కగట్టిన సందులో మూడో వంతు కూడా మిగల్లేదు. షాఫ్ట్ చేతితో దూరేటంత చోటు ఉంది, వేడెక్కి ఉబ్బాక తిరిగేటంత చోటు లేదు.

అప్పుడు నాకు మైక్రోమీటరు ఎలా మోసపోయిందో తెలిసింది. మోసపోయింది మైక్రోమీటరు కాదు, నేనే. దవడ ఆనిన చోట గోడ పలచబడింది. దానికి సరిగ్గా ఎదురుగోడ మందంగా మిగిలింది. మైక్రోమీటరు ఒక చివర పలచని చోట ఆనితే రెండో చివర మందమైన చోట ఆనుతుంది. ఇక్కడ ఎంత ఎక్కువో అక్కడ అంత తక్కువ. ఎటు తిప్పి కొలిచినా కూడిక ఒక్కటే. నేను పన్నెండు కాదు, పన్నెండు వందలసార్లు తిప్పినా అదే అంకె వచ్చేది.

ఇది నాకు కాలేజీలో చెప్పిన పాఠమే. అన్ని వైపులా ఒకే వెడల్పు ఉండే ఆకారం వృత్తం ఒక్కటే కాదు. ఒక సమబాహు త్రిభుజం గీసి, ఒక్కో మూలలో కంపాస్ ముల్లు గుచ్చి, ఎదురుగా ఉన్న రెండు మూలల్నీ కలుపుతూ చాపం గీస్తే ఉబ్బిన త్రిభుజం ఒకటి వస్తుంది. దాన్ని రెండు స్కేళ్ళ మధ్య పెట్టి దొర్లిస్తే స్కేళ్ళ మధ్య దూరం వెంట్రుకవాసి మారదు. అయినా అది గుండ్రం కాదు. కొన్ని దేశాల్లో ఏడు వంకల నాణేలు ఈ లెక్క మీదే చేస్తారు. మిషన్‌లో ఎలా పడినా వెడల్పు ఒక్కటే కాబట్టి మిషన్ గుర్తుపడుతుంది. మ్యాన్‌హోల్ మూతను ఈ ఆకారంలో పోసినా, గుండ్రటి మూతలాగే, ఎటు తిప్పినా లోపలికి జారిపడదు. ఈ త్రిభుజాన్ని డ్రిల్లు బిట్టుగా చేసి, దానికి తగిన పట్టులో తిప్పితే దాదాపు చదరంగా ఉండే రంధ్రం పడుతుంది. అన్నీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత అదే ఆకారం నా చేతికి వస్తే గుండ్రమని సంతకం పెట్టాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నామీద నాకు కోపమే.

నాగుల్‌మీరా గారు బుష్‌ను దిమ్మ మీద అలాగే ఉంచారు. తర్వాత, ఈ బుష్‌ల వల్ల ఎవరికేం జరిగిందని అడిగారు. కోటయ్య సంగతి చెప్పాను.

"నా పనేనమ్మా ఇది. నేనే బిగించా. కాయితం తెండి, రాసిస్తా. నా చేతి తప్పుకి ఇంకోడి కడుపు కొట్టేదేంది?" అన్నారు. సప్లయరు మళ్ళీ పని ఇవ్వడేమో ఆలోచించుకోండి అన్నాను. "ఇయ్యకపోతే పోనీ. నలభై ఏళ్ళ బట్టి ఆడిచ్చిన పనేనా తిన్నది?" అని అక్కడే బల్ల మీద రాసి సంతకం పెట్టారు.

సోమవారం ఈఈ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని దుర్మార్గుడని అనను. పైనుంచి ఒత్తిడి ఉంది, గేటు దగ్గర రైతులు ఉన్నారు, ఒక మనిషిని తీసేస్తే అంతా సద్దుమణుగుతుందని నమ్మిన అధికారి. అలాంటివాళ్ళు దుర్మార్గుల కంటే ఎక్కువ నష్టం చేస్తారని నా అభిప్రాయం. నేను గేజ్ కొలతలు చెప్పాను. ఆయన ఇన్‌స్పెక్షన్ రిజిస్టరు ముందుకు తోసి, అన్ని వైపులా సమానం అని మీరే రాశారు, సమానంగా ఉన్నది గుండ్రంగా కాక ఇంకెలా ఉంటుంది అన్నారు.

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఆదివారం ఒక వడ్రంగిచేత రెండంగుళాల చెక్కలో ఆ ఉబ్బిన త్రిభుజాలు మూడు కోయించి తీసుకువెళ్ళాను. గీత గీసింది నేనే. వాటిని ఆయన బల్ల మీద వరసగా నిలబెట్టి, పైన అదే రిజిస్టరు పెట్టి, రిజిస్టరు మీద ఆయన టీ కప్పు పెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టబోయారు. నేను రిజిస్టరును మెల్లగా అటూ ఇటూ నెట్టాను. కింద త్రిభుజాలు మూలల మీద దొర్లుతున్నాయి, పైన రిజిస్టరు బల్లపరుపుగా జరుగుతోంది. కప్పులో టీ తొణకలేదు.

ఆయన కప్పు తీసి పక్కన పెట్టుకుని, తలుపు వేయమని అటెండరుకు చెప్పారు.

అప్పుడు అసలు మాటకు వచ్చారు. బుష్‌లు బాగాలేవని రాస్తే, వాటిని ఒప్పుకున్నదెవరని ఎస్‌ఈ ఆఫీసు అడుగుతుంది. ఆ సంతకం మీది. రెండేళ్ళలో రిటైరయ్యేవాళ్ళు, సర్వీసు రిజిస్టరు శుభ్రంగా ఉంది. ఔట్‌సోర్సింగ్ కుర్రాడి కోసం దాన్ని పాడుచేసుకోవడం తెలివైన పనేనా? కావాలంటే అతన్ని ఆరునెలల తర్వాత ఇంకో పథకంలో పెట్టిద్దాం. ఇదంతా ఆయన మెత్తగా, నా మంచి కోరేవాడిలాగే చెప్పారు.

అతను కుర్రాడు కాడు, నలభై దాటినవాడు అన్నాను. తిన్నగా తన పని చేసినవాణ్ణి తాగుబోతని ఊరు నమ్ముతోంది, ఆరునెలల తర్వాత ఇంకోచోట పెట్టిస్తే ఆ మాట పోతుందా అన్నాను. సంతకం నాది కాబట్టే రిపోర్టు నేను రాస్తాను, ఎవరో టైపు చేసింది నాకు అక్కర్లేదు అని, డ్రాయరులోంచి తెచ్చిన వాళ్ళ డ్రాఫ్టును ఆయన ముందే నాలుగు ముక్కలు చేశాను. అంత పని చేయకుండా ఉండాల్సిందని ఇంటికి వచ్చాక అనిపించలేదు. ఇప్పుడూ అనిపించడం లేదు.

"అయితే మీ ఇష్టం మేడమ్. నేను మాత్రం నా అభిప్రాయం వేరేగా రాసి పంపుతా" అన్నారు.

పంపండి అన్నాను.

నా రిపోర్టు ఒకటిన్నర పేజీ. మొదటి వాక్యంలోనే, బుష్‌లు లోపభూయిష్టంగా ఉన్నాయి, వాటిని పరీక్షించి అంగీకరించింది నేను అని రాశాను. గేజ్ కొలతలు, దవడ నొక్కుల స్థానాలు, మచ్చల స్థానాలు, నాగుల్‌మీరా గారి వాంగ్మూలం జతచేశాను. ప్రీ-లూబ్ ఇవ్వలేదనేందుకు ఆధారం లేదు, ఇచ్చారనేందుకు మచ్చల మధ్య చెక్కుచెదరని గీతలే ఆధారం అని ముగించాను.

ఎస్‌ఈ ఆఫీసు నుంచి జవాబు వచ్చేదాకా కోటయ్యను డ్యూటీకి దూరంగా ఉంచమని ఈఈ గారు నోటిమాటగా చెప్పారు. రాతపూర్వకంగా ఇవ్వండి అన్నాను. ఇవ్వలేదు. కోటయ్యను మొదటి షిఫ్టులోనే ఉంచుతూ నేనే ఒక ఆర్డరు రాసి, "నా బాధ్యతపై" అని కింద చేర్చి నోటీసు బోర్డుకు అంటించాను.

నాగుల్‌మీరా గారు కొత్త బుష్ చేశారు. ఈసారి ముక్కను ముందు గట్టిగా బిగించి చాలావరకు కోసి, తర్వాత వదులు చేసి, చుట్టూ సమంగా పట్టే చీలిక తొడుగు ఒకటి వేసి, పైపు లేకుండా చేత్తో బిగించి చివరి కోత కోశారు. పైపు పక్కన పెట్టడానికి ఆయన పడిన ఇబ్బంది నేను కళ్ళారా చూశాను. మిషన్ ఆన్ చేసేముందు పక్కన ఉన్నవాళ్ళందరినీ దూరం జరగమన్నారు. నరసరావుపేటలోని ఒక శిక్షణ సంస్థ నుంచి మూడు కాళ్ళ బోర్ గేజ్ అడిగి తెచ్చాను. మూడు చోట్ల ఒకేసారి ఆనుతుంది కాబట్టి దాని ముందు ఈ ఆకారం దాక్కోలేదు. పాత బుష్‌లో దాన్ని తిప్పితే తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. కొత్తదాంట్లో సూది కదల్లేదు.

బుధవారం పొద్దున గేటు తీయించి, బైఠాయించిన రైతుల్లో నలుగుర్ని లోపలికి రమ్మన్నాను. పాత బుష్, మచ్చలు చూపించాను. తప్పు కోటయ్యది కాదు, బుష్‌ను ఒప్పుకున్న నాది, తిట్టదలచుకుంటే నన్ను తిట్టండి అన్నాను. ఒకాయన నిజంగానే తిట్టాడు. ఇంకొకాయన, "ముందే చూసుకోవద్దా మేడమ్, ఆ కోటిగాణ్ణి ఎన్ని మాటలన్నాం" అని తల తిప్పుకున్నాడు. కోటయ్య వాళ్ళ ముందే వాల్వు తిప్పి, చేతి గడియారం చూస్తూ ఐదు నిమిషాలు నిలబడి, లాగ్ బుక్‌లో రాసి, పంపు స్టార్ట్ చేశాడు. ఆ బుష్ మిరప కోతలు అయ్యేదాకా నడిచింది.

జనవరిలో ఎస్‌ఈ ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. మొదటి పేరా కోటయ్యది. అతనిపై ఆరోపణకు ఆధారం లేదు, విధుల్లో కొనసాగించాలి. రెండో పేరా నాది. "బుష్‌లను కొలవడంలో అజాగ్రత్త చూపినందుకు" సెన్షూర్. సెన్షూర్ అంటే సర్వీసు రిజిస్టరులో నమోదయ్యే మందలింపు. శిక్షల్లో అన్నిటికంటే చిన్నది, కానీ అందరికీ కనిపించేది. కోటయ్య ఆ కాగితం నా బల్ల ముందు నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు. "మీకెందుకు మేడమ్ ఇది పడింది?" అన్నాడు. నాకు పడాల్సిందే పడింది, నువ్వు పోయి పని చూసుకో అన్నాను.

శిక్ష మీద నేను అప్పీలుకు వెళ్ళలేదు. కానీ ఆ వాక్యం మీద వెళ్ళాను. తోటివాళ్ళు నవ్వారు. శిక్ష ఒప్పుకుని మాటల కోసం పోట్లాడేదాన్ని నిన్నే చూశాం అన్నారు. నేను ఎస్‌ఈ గారికి రాసింది ఇదీ: నేను అజాగ్రత్తగా కొలవలేదు. రూలు చెప్పినదానికంటే ఎక్కువసార్లు, ఎక్కువ శ్రద్ధగా కొలిచాను. ఎదురెదురుగా రెండు చోట్ల మాత్రమే ఆనే పరికరంతో, మూడు చోట్ల చూడవలసినదాన్ని కొలిచాను. శిక్ష ఉంచండి, కారణం సరిదిద్దండి. అజాగ్రత్త అని ఉంటే నా తర్వాత వచ్చే డీఈ దాన్ని చదివి, అదే మైక్రోమీటరును ఇంకా జాగ్రత్తగా వాడతాడు.

రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి మార్చారు. ఇప్పుడు నా సర్వీసు రిజిస్టరులో "లోపలి ఆకారాన్ని నిర్ధారించలేని పరికరంతో పరీక్షించి అంగీకరించినందుకు" అని ఉంది. మా సర్కిల్‌లో బుష్‌ల పరీక్షకు మూడు కాళ్ళ గేజ్ తప్పనిసరి అనే సర్క్యులరు ఆ వాక్యం ఆధారంగానే వచ్చింది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇంతే. జాగ్రత్త అనేది పరికరానికి కనిపించే తప్పును మాత్రమే పట్టిస్తుంది. దానికి కనిపించని తప్పు ముందు ఎంత జాగ్రత్తపరుడైనా గుడ్డివాడే, పైగా తన అంకెల మీద నమ్మకంతో పక్కవాణ్ణి దోషి అంటాడు. నేను కొన్నాళ్ళు కోటయ్యను అలాగే అనుకున్నాను.